మాటకు విడిచిన జాగా

"అక్కా, బాపుకు సన్మానం చేస్తున్నం. ఆర్కెస్ట్రా గూడ పెడుతున్నం" అని మా బాపు సొంతూరి పిల్లగాడు మల్లేశ్వర్ ఫోన్ చేశాడు. ఆ ఆర్కెస్ట్రా అనే ఒక్క మాట మా కొంప ముంచింది.

మా బాపు పేరు సోమయ్య. మీరు విని ఉండరు. అది మీ తప్పు కాదు, సినిమా మొదట్లో పేర్లు వేసేటప్పుడు ఆయన పేరు కూడా వేస్తే కదా మీకు తెలిసేది. పాటకు వరస కట్టేది సంగీత దర్శకుడు. పాటలు లేని చోట, మనిషి నడుస్తుంటేనో, ఏడుస్తుంటేనో, రైలు కదులుతుంటేనో వెనకాల వయొలిన్లు, ఫ్లూట్లు, చెల్లోలు మోగుతాయి చూడండి, వాటిలో ఎవరు ఎక్కడ ఏ స్వరం వాయించాలో కూర్చుని రాసేవాళ్లు వేరే ఉంటారు. మా బాపు ఏళ్ల తరబడి ఆ పని చేశాడు. మహేశ్వరం పక్క ఊళ్లో వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టాడు. సికింద్రాబాద్‌లో మిలిటరీ బ్యాండు నుంచి రిటైరైన ఒకాయన దగ్గర క్లారినెట్టూ, ఐదు గీతల మీద సంగీతం రాయడమూ నేర్చుకుని మద్రాసు పోయాడు. సినిమా వాళ్లంతా హైదరాబాద్ వచ్చేసినప్పుడు వాళ్లతో పాటు తిరిగి వచ్చాడు. జనం ఆయన రాసింది విని ఏడ్చారు, చప్పట్లు కొట్టారు, ఫోన్లలో రింగుగా పెట్టుకున్నారు. పేరు మాత్రం అడగలేదు.

నేను ఆయన ఒక్కగానొక్క బిడ్డను, మంజులను. వయొలిన్ వాయిస్తాను. రికార్డింగులు ఉన్నన్నాళ్లు స్టూడియోల్లో వాయించాను. ఇప్పుడు ఒక్క మనిషి కంప్యూటర్ ముందు కూర్చుని ముప్పై వయొలిన్ల చప్పుడు తీసేస్తున్నాడు కాబట్టి శంషాబాద్‌లో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నాను. ఈ సంగతి ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది. "నీకు కోపం ముక్కు మీదనే ఉంటది" అంటుంది మా అమ్మ చంద్రమ్మ. ఉండనీ. ఎవరో ఒకరికి ఉండాలి కదా, బాపుకు ఎలాగూ లేదు.

ఆ రోజు ఫోన్ బాపుకు ఇచ్చాను.

"ఎంతమందిరా ఆర్కెస్ట్రా?" అన్నాడు బాపు.

"పదకొండు మంది బాపు. మంచి టీం. మొన్న రావిర్యాలల అదరగొట్టిన్రు."

బాపు ముఖం వెలిగిపోయింది. తన ఊరివాళ్ల ముందు, తను రాసింది, మనుషులు కూర్చుని వాయిస్తుంటే వినడం ఆయన జీవితంలో ఒక్కసారి కూడా జరగలేదు. అన్నీ గాజు గదుల్లోనే వాయించారు. ఆ రోజు నుంచి భోజనాల బల్ల మీద కాగితాలు పరుచుకుని కూర్చున్నాడు. ముప్పై మందికి రాసిన సంగీతాన్ని పదకొండు మందికి కుదిస్తున్నాడు. వయొలిన్లు ఆరు, వాటికంటే లావు గొంతు ఉండే వయోలాలు రెండు, ఇంకా లావు గొంతుదైన చెల్లో ఒకటి, ఫ్లూటు, క్లారినెట్టు. కంచాలు పెట్టే జాగా లేదని అమ్మ గొణిగింది. మేము వంటింట్లో నిలబడే తిన్నాం.

ఆయన ఎంచుకున్నది ఏదో చెబితే మీకూ తెలుస్తుంది. పేరు చెప్పను గానీ ఒక పాత హిట్టు సినిమా. అందులో పెద్దన్న పొలం అమ్మేస్తాడు. సంతకం పెట్టి ఇంటికి రాడు. పొలానికి పోయి, మోటారు వేసి, మడికి నీళ్లు కడతాడు. పెళ్లాం వెతుక్కుంటూ వచ్చి, "అమ్మేశాక నీళ్లెందుకయ్యా?" అంటుంది. ఆయన తలెత్తడు. "అమ్మేశామని దానికి తెలీదుగదే" అంటాడు. అంతే ఆ సీను. దాని వెనక వచ్చే సంగీతాన్ని మా ఇంట్లో నీళ్ల బిట్టు అంటాం. మొదట వయోలాలు ఒకే స్వరాన్ని కింద కిందనే రుద్దుతుంటాయి, కాలువలో నీళ్లు కదిలినట్టు. తర్వాత వయొలిన్లు ఒక్కొక్కటిగా కలుస్తాయి, ఒక మడి తడిసి ఇంకో మడికి నీళ్లు పోయినట్టు. నిండుతుంది, నిండుతుంది, ఇక కట్ట తెగుతుందేమో అనేటప్పుడు పెళ్లాం నోరు విప్పుతుంది. అన్నీ ఆగిపోతాయి. ఆ రెండు మాటలూ అయ్యేదాకా ఏమీ ఉండదు. ఆ తర్వాత ఒక్క చెల్లో మొదలవుతుంది.

ఆ ఖాళీ దగ్గరే మా ఇద్దరికీ గొడవ. కాగితం మీద అక్కడ స్వరాలు లేవు, పైన పెన్సిల్‌తో 'మాట' అని తెలుగులో రాసి ఉంది.

"బాపూ, సినిమాల అక్కడ మాట ఉన్నది. స్టేజి మీద ఎవరు మాట్లాడుతరు? గా ఖాళీల నేను ఒక్కదాన్నే ఏదన్న వాయిస్త, రాసియ్యి" అన్నాను.

"అది నాది గాదు బిడ్డా. మాటకు ఇడిసిన జాగా. నాది గాని జాగల నేనెట్ల వాయిస్త?"

"మాటనే లేదు గద అక్కడ."

"లేకపోతె లేకపాయె. ఖాళీగనే ఉండనీ."

విసుక్కుని లేచిపోయాను. ఇంత నెమ్మదస్తుడైన మనిషి ఖాళీల దగ్గరికి వస్తే ఇనప గుగ్గిళ్ల లాగా ఉంటాడు, నమలలేం.

సన్మానం రోజు సాయంత్రం ముగ్గురం ఫంక్షన్ హాలుకు పోయాం. ఎయిర్‌పోర్టుకు పోయే దారి పక్కన కొత్తగా కట్టిన హాలు అది. ఒకప్పుడు జంగయ్య పెదబాపు చెలక భూమి. జంగయ్య పెదబాపు, మా బాపు బడిలో ఒకే బెంచి. ఇప్పుడు ఆయనకు నాలుగు వేళ్లకు ఉంగరాలు, బయట పెద్ద కారు. భూమి పోయిందని ఆయన ఏడవడం ఎవరూ చూడలేదు. కాకపోతే ఆ హాల్లో ఏ పెళ్లికి వచ్చినా పూడ్చేసిన బావి సంగతి ఎత్తి, పక్కవాళ్లకు స్టేజీ చూపించి, "గిక్కడ్నే మా బాయి ఉండె" అంటాడు. అసలు ఈ చుట్టుపక్కల భూమి అమ్మని ఇల్లు వెతికినా దొరకదు.

లోపలికి అడుగు పెట్టగానే స్టేజీ వెనక ఫ్లెక్సీ కనబడింది. 'ప్రముఖ ఆర్కెస్ట్రా గాయకులు సోమయ్య గారికి ఘన సన్మానం.' కింద బాపు ఫొటో. ఆ ఫొటో నేనే పంపాను. అందులో బాపు చేతిలో ఏమీ లేదు. ఇప్పుడు మైకు ఉంది. ఎవరో అతికించారు.

స్టేజీ మీద తళుకుల కోటు వేసుకున్న గాయకుడు, పక్కన గాయని, యాంకరమ్మ, మిమిక్రీ చేసే ఆయన, కీబోర్డు, డ్రమ్ములు, ప్యాడ్లు, గిటారు, ఫ్లూటు, ఇద్దరు డ్యాన్సు పిల్లలు. వినాయక చవితికి మండపాల దగ్గర సినిమా పాటలు పాడే బృందం. మన దగ్గర ఆర్కెస్ట్రా అంటే ఇదే. ఊరందరికీ తెలిసిన ఆ అర్థం మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. స్టూడియోల్లో బతికినవాళ్లం, మాకు ఆ మాటకు ఒకటే అర్థం.

"వయొలిన్లేవి మల్లేశ్వర్?" అన్నాను.

"కీబోర్డుల అన్నీ ఉన్నయక్కా. వయొలిన్, వీణ, షెహనాయి. బటన్ ఒత్తుడే" అన్నాడు నవ్వుతూ. వాడి నవ్వులో ఏ పాపమూ లేదు, నాకు అదే ఇంకా మండింది. మండి ఏమేమి అన్నానో మొత్తం రాయను. బటన్లు ఒత్తుకునే మొహాలకు సన్మానాలెందుకన్నాను. ఫ్లెక్సీ చింపుతానన్నాను. పాపం వాడు "జర నిమ్మలం అక్కా, ఏమైందో చెప్పు" అంటూ పరేషాన్ అయిపోయాడు.

బాపు కాగితాల సంచి ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. స్టేజీ వైపు చూస్తూ ఒక్కొక్కరినీ లెక్కపెట్టాడు. "పదకొండు మందే ఉన్నరు బిడ్డా. పిల్లగాడు అబద్ధం జెప్పలే" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ముఖ్య అతిథి సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా చేసి రిటైరైన పెద్దాయన. కోస్తా వైపు మనిషి, మాట తేనె. ఆయనకు ఫ్లైటు ఉందని సన్మానం ముందే జరిపించారు. బాపుకు జరీ శాలువా కప్పి, మైకు పట్టుకున్నాడు.

"సోమయ్యగారి కృషిని నేను తక్కువ చెయ్యడం లేదండీ. కానీ పనితనం వేరు, కళ వేరు. సంగీతమంటే తన కాళ్ల మీద తను నిలబడేది. ఈ సినిమా నేపథ్యం అలాంటిది కాదు. తెర మీద ఎవరైనా నోరు విప్పగానే అది పక్కకి తప్పుకోవాలి. మాట వస్తే తప్పుకునే దాన్ని సంగీతమని ఎలా అంటామండీ? తెర తీసేస్తే అందులో ఏం మిగులుతుంది?"

జనం చప్పట్లు కొట్టారు. మైకులో ఎవరి మాట అయిపోయినా కొడతారు. బాపు కూడా కొట్టాడు. ఒక చేత్తో శాలువా కప్పి ఇంకో చేత్తో చెంప మీద కొట్టడమంటే ఇదే. సినిమాకు పోయినప్పుడు ఈయన ఎప్పుడూ కళ్లు తుడుచుకోలేదా? తుడుచుకుంటే అది ఎవరి వల్ల అనుకున్నాడు? వయొలిన్ కచేరీలో ఎంత గొప్పవాడైనా మృదంగానికి చోటిచ్చి విల్లు దించడా? ఎప్పుడు దించాలో తెలియనివాణ్ని ఈయన కాలేజీలో పాస్ చేసేవాడా? కచేరీలో అయితే కళ, సినిమా హాల్లో అయితే నౌకరీ. టికెట్ కొనుక్కుని విన్నవాళ్లు లుంగీలు కట్టుకున్నవాళ్లు కావడమే తేడా.

ఆయన స్టేజీ దిగి పోతుంటే కారు దాకా వెంటపడ్డాను. "సార్, ఒక్క బిట్టు వినిపోండి. తెర లేకుండనే" అన్నాను.

"ఫ్లైటమ్మా. ఈసారి తప్పకుండా వింటాను" అని మర్యాదగా నమస్కారం పెట్టి కారెక్కాడు. కారు పోయింది. తిట్టడానికి కూడా మనిషి మిగల్లేదు.

నేను తిరిగి వచ్చేసరికి రెండు పాటలయ్యాయి. యాంకరమ్మ బాపును చెయ్యి పట్టుకుని స్టేజీ ఎక్కించింది. "ఇప్పుడు మన సోమయ్య గారు తన మధురమైన గొంతుతో ఒక్క పాట" అంది. వెనక ట్రాకు మొదలైంది. బాపు మైకు వైపు చూశాడు.

"నాకు పాట రాదమ్మా" అన్నాడు.

హాలంతా నవ్వింది.

"ఒక్క పల్లవి సార్."

"రాదు. ఎన్నడు పాడలే."

వెనక ఎవరో ఈల వేశారు. మూడో వరసలో నుంచి జంగయ్య పెదబాపు, ఎకసెక్కానికే, గట్టిగా అన్నాడు: "పాట రాకపోతె మరేం జేసినవురా గిన్నేండ్లు?"

మళ్లీ నవ్వులు. బాపు నవ్వలేదు. చేతిలోని కాగితాల సంచిని జంగయ్య పెదబాపుకు చూపించబోయి దించేశాడు. ఒకే బెంచి మీద కూర్చున్న మనిషికే ఆయన ఏం చేశాడో తెలియదు. ఈ ఊరు ఆయన్ని ఇంకోసారి పిలవదు. ఆ ప్రశ్నకు ఇప్పుడు జవాబు లేకపోతే ఇక ఎప్పుడూ ఉండదు. నేను వయొలిన్ పెట్టె తెరిచి స్టేజీ ఎక్కాను.

కీబోర్డు ఆయన పేరు పాండు. కాటేదాన్‌లో పగలు ఏదో కంపెనీలో పని, సాయంత్రాలు ఇది. కాసేపటి కిందనే ఆయన కీబోర్డును నానా మాటలూ అన్నాను. ఆయన అవన్నీ విననట్టే, "ఏం వాయిద్దామక్కా?" అన్నాడు.

"పొలం అమ్మినాయన నీళ్లు కడతడు చూడు, గా బిట్టు."

"అది నాకెర్కే. మా నాయిన ఫోన్ల అదే రింగు."

ఫ్లూటు ఆయన కూడా తనకు తెలుసన్నాడు. బాపు సంచిలోంచి కాగితాలు తీసి పాండు ముందు పెట్టాడు. "గీతలు చదువరాదు బాపు" అన్నాడు పాండు. "చదువకు. నా చెయ్యి చూడు" అన్నాడు బాపు. పదకొండు మందికి రాసిన దానికి ముగ్గురం. నా కాగితం నేను స్టాండు మీద పెట్టుకున్నాను.

మల్లేశ్వర్ మైకులో "ఇప్పుడు పాట లేని మ్యూజిక్కు ఒకటి. అటెనుక భోజనాలు" అని ప్రకటించాడు. భోజనాలన్న మాట ఒక్కటే జనానికి వినబడింది. సగం మంది లేచి కౌంటర్ల వైపు నడిచారు. జంగయ్య పెదబాపు అందరికంటే ముందున్నాడు.

మొదలుపెట్టాం. వయోలాల బదులు కీబోర్డు మోగుతుంటే నాకు పళ్లు నూరుకోవాలనిపించింది. నీళ్లు పారడం లేదు, కుళాయి తిప్పినట్టుంది. దాని మీదే నేను ఎత్తుకున్నాను. ఆరు వయొలిన్లు ఒకరి తర్వాత ఒకరు రావాల్సిన చోట నేనొక్కదాన్నే వచ్చాను, మళ్లీ నేనే వచ్చాను. ఫ్లూటు కలిసింది. ప్లేట్ల చప్పుడు, పిల్లల అరుపులు. పైన ఒక విమానం పోయింది, అద్దాలు గడగడలాడాయి. ప్రిన్సిపాల్ గారిదీ ఇలాగే పోతుంది. పోనీ అనుకుని విల్లు గట్టిగా లాగాను. కౌంటర్ల దగ్గర కొందరు వెనక్కి తిరగడం కనబడింది. నిండింది. ఇంకా నిండింది. బాపు చెయ్యి పైకి లేచి ఆగింది.

ఆపేశాం.

నా ముందు కాగితం మీద 'మాట' అని ఉంది. హాల్లో గరిటెల చప్పుడు తప్ప ఏమీ లేదు. అయిపోయిందనుకుని ఎవరైనా చప్పట్లు కొడతారేమోనని భయమేసింది. మల్లేశ్వర్ ధన్యవాదాలు చెప్పడానికి మైకు దగ్గరికి అడుగేశాడు. బాపును మనసులో తిట్టుకున్నాను. నా మాట విని ఉంటే ఇక్కడ నేను వాయిస్తూ ఉండేదాన్ని.

మొదటి వరసలోంచి మా అమ్మ మాట్లాడింది. సినిమాలో ఆ నటి ఏడుస్తూ అంటుంది. అమ్మ ఏడవలేదు. ఇంట్లో బాపుతో మాట్లాడే గొంతుతోనే, బల్ల మీద కాగితాలు ఎప్పుడు తీస్తావన్నట్టుగానే అడిగింది.

"అమ్మినంక నీళ్లెందుకయ్యా?"

భోజనాల వరసలో, చేతిలో ప్లేటుతో నిలబడ్డ జంగయ్య పెదబాపు స్టేజీ వైపు చూస్తున్నాడు. మా వైపు కాదు, మా కాళ్ల కింద నేల వైపు.

"అమ్మినమని దానికి తెల్వదు గదనే" అన్నాడు.

ఆయనొక్కడే కాదు. ఆయన వెనక వరస అంది. కుర్చీల్లో మిగిలినవాళ్లు అన్నారు. ప్లేట్లు పట్టుకున్న ఆడవాళ్లు అన్నారు. సినిమాలో ఆ మాట వేరే యాసలో ఉంటుంది. ఇక్కడ ఎన్నేళ్లుగానో తమ యాసలోకి తెచ్చుకుని పెట్టుకున్నారు కాబోలు, అందరి నోట్లో ఒకేలా వచ్చింది. కొందరు తొందరగా అన్నారు, కొందరు సాగదీశారు, ఒక ముసలావిడ అందరూ అయ్యాక నిదానంగా అంది. బాపు కాగితం మీద రాసిన ఖాళీ ఎప్పుడో దాటిపోయింది. ఆయన చెయ్యి మాత్రం దిగలేదు. ఆ ముసలావిడ మాట పూర్తయ్యేదాకా గాలిలోనే ఉంది. అప్పుడు నా వైపు దించాడు. చెల్లో లేదు కాబట్టి దాని స్వరాన్ని నా వయొలిన్ అడుగు తీగ మీద వాయించాను. చివరిదాకా ఎవరూ కదల్లేదు.

తర్వాత చప్పట్లు వచ్చాయో లేదో నాకు సరిగా గుర్తు లేదు. జంగయ్య పెదబాపు ప్లేటు ఎవరి చేతిలోనో పెట్టి స్టేజీ ఎక్కాడు. బాపు ముందు నిలబడ్డాడు. కోపంగా ఉన్నాడు.

"గిది నువ్వు రాసినవారా?"

"ఊ."

"మాటలా?"

"మాటలు ఇంకొకలయి. మాటకు ముంగట వచ్చేది నాది, ఎనక వచ్చేది నాది."

"మరి గిన్నేండ్లు ఎందుకు జెప్పలేదురా? బాయి పూడ్సిన నాడు ఇదే బిట్టు ఫోన్ల పెట్టుకొని కూసున్న నేను. నీదని నాకెందుకు తెల్వది? ఎందుకు ఎయ్యలే నీ పేరు? ఎవడు ఎయ్యలే?"

బాపు కాగితాలు సంచిలో సర్దుకుంటున్నాడు. నా దగ్గర జవాబులు బోలెడు ఉన్నాయి గానీ ఆయన్నే అడగనిచ్చాను. ఇన్నేళ్లూ ఇంట్లో నేనొక్కదాన్నే మోసిన కోపాన్ని ఇంకో మనిషి నోట వింటున్నాను. కడుపు చల్లబడింది.

జంగయ్య పెదబాపు ఫ్లెక్సీ వైపు తిరిగాడు. "గాయకులు ఏందిరా మల్లేశ్వర్? ఎవడు రాసిండు గది? తీసెయ్యి."

"మరేం రాయాలె పెదబాపు?"

బాపు చేసే పనికి ఊళ్లో ఎవరి దగ్గరా పేరు లేదు. అందరం బాపు వైపే చూశాం. ఆయన ఫ్లెక్సీని పైనుంచి కిందికి మెల్లగా చదువుకున్నాడు.

"ఆర్కెస్ట్రా ఉండనియ్యి. గాయకులు కొట్టెయ్యి" అన్నాడు.

కొట్టెయ్యడానికి అక్కడ ఏమీ దొరకలేదు. బాపు భుజం మీది జరీ శాలువాను జంగయ్య పెదబాపు లాక్కుని, కుర్చీ ఎక్కి, ఉంగరాల చేతులతో ఆ ఒక్క మాట కనబడకుండా దాని మీద కప్పి, అంచును తాడుకు ముడి వేశాడు.

"శాలువ మంచిది, పోయేటప్పుడు యాదితోటి తెండ్రి" అంది అమ్మ కింద నుంచి.